నడివయస్సులో మళ్ళీ విద్యార్థి

ముప్పైయైదేండ్లు దాటిన మనిషి, ఇద్దరు బిడ్డల తండ్రి, సాయంకాలం పనినుండి వచ్చి కాఫీ తాగి, పిల్లవాడి పక్కనే కూర్చుండి తానూ ఒక పాఠ్యపుస్తకం తెరిచినాడనుకొందాము. ఇరుగుపొరుగువారు నవ్వుతారు. "ఈ వయస్సులో ఆయనకు చదువెందుకమ్మా?" అని అమ్మలక్కలు గోడ అవతలినుండి అడుగుతారు. ఆ ఇంటి ఇల్లాలు కూడా పైకి నవ్వినా, ఫీజు ఎంత, ఎన్నాళ్ళు పడుతుంది, దీనివలన జీతం నిజంగా పెరుగుతుందా అని లోలోపల లెక్క వేసుకొంటూనే ఉంటుంది. నవ్వేవారి మాట అట్లా ఉంచి, ఆ ఇల్లాలి లెక్కనే ఈ వ్యాసంలో కొంచెం వివరంగా చూడదలచినాము.

ఉద్యోగంలో కుదురుకొన్నవారు తిరిగి చదువు తలపెట్టడానికి సామాన్యంగా ఒకటే కారణం. తమకన్న చిన్నవాడు, తాము పని నేర్పినవాడు, చేతిలో పట్టా ఉన్నందున తమకే పై అధికారియై కూర్చుంటాడు. పనితనంలో లోపం లేదు. కాగితం ఒక్కటే తక్కువ. ఆ కాగితం సంపాదించుకొందామన్న కోరిక అత్యాశ కాదు. అయితే ఏ కాగితం, ఎక్కడినుండి, ఎంత ఖరీదుకు అన్న ప్రశ్నలకు జవాబు తెలిసికోకుండా బయలుదేరినవారు కష్టపడి కూడా నష్టపోవడం కలదు. ఈ విషయంలో మన కోలారు బంగారు గనుల చరిత్ర చెప్పే పాఠం చాల పెద్దది.

గనిలో ఉన్న మెట్లు

జాన్ టేలర్ కంపెనీవారు 1880 ప్రాంతంలో ఈ గనుల్లో పని చేపట్టినారు. మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరుగాం, నందిదుర్గ్ అన్న పెద్ద గనులు నానాటికి లోతుకు దిగుతూ పోయినవి. 1902లో శివసముద్రం జలపాతంనుండి తొంభై మైళ్ళకు పైగా తీగలు లాగి ఇక్కడికి విద్యుచ్ఛక్తి తెచ్చినారు. బెంగుళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగినది ఆ తరువాత, 1905లో. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు పోయి, ప్రపంచంలోని మిక్కిలి లోతైన గనుల్లో ఒకటిగా పేరు పొందినది. ఒక కాలంలో ముప్పైవేల మందికి పైగా ఇక్కడ పనిచేసినారు. తమిళ జిల్లాలనుండి వచ్చినవారు ఎక్కువ. చిత్తూరు సీమనుండి, ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట పల్లెలనుండి వచ్చిన తెలుగువారూ ఉన్నారు.

అంత లోతులో పని అంటే ప్రాణంతో చెలగాటం. రాతిమీద ఒత్తిడి పెరిగి, ఉన్నట్టుండి బండలు పగిలి మీదపడే ప్రమాదాన్ని రాక్ బరస్టు అంటారు. అది ఇక్కడ ఎప్పుడూ పొంచి ఉండేది. అటువంటి చోట ఎవరికి ఏ పని అప్పగించవచ్చునో చట్టమే నిర్ణయించవలసి వచ్చింది. 1952 గనుల చట్టం, దాని కింద లోహపు గనులకై 1961లో వచ్చిన నిబంధనల ప్రకారం తూటాలు పేల్చేవానికి బ్లాస్టరు సర్టిఫికెట్టు ఉండవలెను. గనిలో ఒక భాగపు పనిని చూచుకొనేవానికి మేటు సర్టిఫికెట్టు. దానిపైన ఫోర్‌మన్. ఆపైన రెండవ తరగతి మేనేజరు, మొదటి తరగతి మేనేజరు. మనుషులను గనిలోకి దించి పైకి తెచ్చే యంత్రాన్ని నడిపేవానికి వేరే సర్టిఫికెట్టు. కొలతలు తీసే సర్వేయరుకు వేరే. ఇవన్నీ పరీక్ష యిచ్చి సంపాదించుకోవలసినవే. ఈ పరీక్షల పెత్తనం ధన్‌బాదులో ముఖ్య కార్యాలయం గల గనుల భద్రతా శాఖది.

ఈ మెట్ల కట్టుబాటులో ఒక తెలివి ఉన్నది. గనిలో పనిచేసిన అనుభవం లేనివానిని పరీక్షకు కూర్చోనివ్వరు. అనుభవం ఎంత ఉన్నా, చట్టమూ, గాలి ప్రసారమూ, పేలుడు మందుల జాగ్రత్తలూ చదివి జవాబు చెప్పలేనివానిని పై మెట్టు ఎక్కనివ్వరు. డిప్లొమా గాని డిగ్రీ గాని ఉన్నవారికి కావలసిన అనుభవపు సంవత్సరాలు తగ్గుతవి. ఊరుగాంలో స్కూల్ ఆఫ్ మైన్స్ వెలసి గనుల డిప్లొమా నేర్పినది ఇందుకొరకే. చదువు ముందు, ఉద్యోగం తరువాత, ఆపైన పుస్తకం ముట్టనక్కరలేదు అన్న వరుస గనిలో చెల్లలేదు. మెట్టు ఎక్కదలచినవాడు సంసారియైనా సరే, షిఫ్టు దిగివచ్చి పుస్తకం పట్టుకోవలసినదే.

గేటు మూసిననాడు

గనులను 1956లో మైసూరు ప్రభుత్వం స్వాధీనం చేసికొన్నది. 1962లో అవి కేంద్ర ప్రభుత్వం చేతికి పోయినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అన్న కంపెనీ ఏర్పడింది. లోతు పెరిగినకొద్దీ ఖర్చు పెరిగింది. రాతిలో బంగారం పాలు తగ్గింది. నష్టం మీద నష్టం వచ్చి, చివరకు 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. సరిహద్దు ఆవల చిత్తూరు జిల్లాలో ఇదే కంపెనీ నడిపిన బిసానత్తం, చిగురుగుంట గనులకూ అదే గతి పట్టింది. నూట ఇరవై యేండ్లలో ఎనిమిది వందల టన్నులకు పైబడి బంగారం ఈ నేలనుండి పైకి వచ్చినదని లెక్క.

ఆ గనివారి పనితనం సామాన్యమైనది కాదు. 1965లో బొంబాయి టాటా పరిశోధన సంస్థవారు, జపానులోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హాం విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులతో కలిసి, ఈ గనుల్లో రెండు కిలోమీటర్లకు మించిన లోతున పరికరాలు అమర్చి, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడను కనిపెట్టినారు. లోకమంతటికీ అది గొప్ప వార్త. ఆ లోతున, ఆ వేడిలో గనివారి చేతి సాయం లేనిదే ఏ ప్రొఫెసరూ పని సాగించలేడు. అంతటి పనితనానికి గేటు మూసిన మరునాడు బయట వెలకట్టేవారు ఎవరు?

కాగితం విలువ తెలిసినది ఇక్కడే. ఫోర్‌మన్ సర్టిఫికెట్టు ఉన్నవానికి రాయచూరు జిల్లాలోని హట్టి బంగారు గనిలోనో, రాజస్థానంలోని జింకు గనుల్లోనో అడగడానికి ఒక అర్హత ఉన్నది. ఆ సర్టిఫికెట్టు ఒక కంపెనీ ఇచ్చినది కాదు, దేశమంతటా చెల్లుతుంది. ఇరవై యేండ్లు అదే పని చేసి కూడా పరీక్షకు పోనివాడు బయటికి వచ్చి, నాకు ఈ పని తెలుసునని నోటితో చెప్పుకోవలసినదే. అప్పటినుండి బంగారు గనుల ఊరు చాలవరకు బెంగుళూరును నమ్ముకొని బ్రతుకుతున్నది. మారికుప్పం, చాంపియన్, ఊరుగాం, కోరమాండల్ స్టేషన్లలో రైలెక్కి, బంగారుపేట మీదుగా సుమారు నూరు కిలోమీటర్లు పోయి, రాత్రికి ఇల్లు చేరేవారు వేలమంది.

దీనినుండి గ్రహించవలసిన సంగతి ఒకటే. నేటి యజమాని గేటు లోపల మాత్రమే చెల్లే చదువు ఉన్నది; గేటు వెలుపల కూడా చెల్లే చదువు ఉన్నది. కంపెనీవారు ఇచ్చే శిక్షణ మంచిదే, కాదనకూడదు. కాని సొంత డబ్బు, సొంత నిద్ర ఖర్చుపెట్టి చదివేటప్పుడు వెలుపల చెల్లేదానినే ఎన్నుకోవలెను. 1964లో స్థాపితమైన భారత్ ఎర్త్ మూవర్స్ కార్ఖానాలో పనిచేసేవారికైనా, మాలూరు, నరసాపురం, వేమగల్ పారిశ్రామిక వాడల్లో పనిచేసే యువకులకైనా ఈ మాట ఒక్కటే.

ఇద్దరు తెలుగు ఆడపడుచులు

తిరిగి చదవడమంటే మగవారి సంగతేనని ఎవరైనా అనుకొంటే అది పొరపాటు. రాజమహేంద్రవరంలో 1909లో జన్మించిన దుర్గాబాయమ్మగారు చిన్నతనంలోనే బడి విడిచినారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో దిగి జైలుకు పోయినారు. జైలునుండి వచ్చిన తరువాత, తోటివారు సంసారాలలో మునిగియున్న వయస్సులో, బెనారసు మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చున్నారు. ఆపైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివినారు. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొనేనాటికి ఆమెకు ముప్పైమూడేండ్లు. నాలుగేండ్లలో రాజ్యాంగ పరిషత్తు సభ్యురాలైనారు.

తాను మెట్టు ఎక్కి తలుపు వేసికొన్న మనిషి కాదామె. 1937లో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ ద్వారా, చదువు ఆగిపోయిన స్త్రీలను పరీక్షలకు తయారుచేసినారు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలుగా ఉండగా, 1958లో వయోజన స్త్రీలకు కుదించిన పాఠ్యక్రమం ఒకటి దేశమంతటా ప్రారంభమైనది. బడి మానిన ఆడవారు కొద్దికాలంలో చదువు పూర్తిచేసికొని నర్సులుగా, ఉపాధ్యాయినులుగా, గ్రామసేవికలుగా ఉద్యోగాలలో కుదురుకోవడానికే ఆ ఏర్పాటు.

రెండవవారు అయ్యలసోమయాజుల లలితగారు. పదునైదేండ్లకు పెండ్లి, పదునెనిమిదేండ్లకు వైధవ్యం, ఒడిలో నెలల పసిబిడ్డ. ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ప్రొఫెసరు. ఆయన ప్రోత్సాహంతో 1940లో అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేరి, బిడ్డను బంధువుల ఇంట ఉంచి, తాను హాస్టలులో ఉండి చదివినారు. 1943లో పట్టా పుచ్చుకొని, మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైనారు. భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్తు తీగల పనిలో ఆమె చేయి ఉన్నది. ఆమె పట్టుదల ఎంత గొప్పదో, ఆ బిడ్డను చూచుకొన్న బంధువుల సాయమూ అంత గొప్పది. తిరిగి చదివే ప్రతి మనిషి వెనుక అటువంటి చేతులు కొన్ని ఉండక తప్పదు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చును. మన జిల్లా ముళబాగిలులో 1887లో పుట్టిన డి.వి. గుండప్పగారికి కాలేజీ పట్టా ఏదీ? మైసూరు విశ్వవిద్యాలయమే 1961లో పిలిచి గౌరవ డాక్టరేటు ఇవ్వలేదా? ఇచ్చినది, నిజమే. జ్ఞానానికి పట్టా అక్కరలేదు. కాని జీతపు స్కేలుకు కావలెను. ఈ రెండింటినీ కలగలిపి చూడరాదు. జ్ఞానం కోసం చదివేవారు లైబ్రరీకి పోవచ్చును. ఫీజు కట్టవలసిన పని లేదు. ప్రమోషను కోసం చదివేవారు మాత్రం ప్రమోషను నిబంధన ఏమి అడుగుతున్నదో అదే చదవవలెను.

తెరిచియున్న దారులు

పూర్వం ఉద్యోగస్థునికి కాలేజీ తలుపులు దాదాపు మూసియుండేవి. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయంవారు పోస్టుద్వారా పాఠాలు పంపే కరెస్పాండెన్సు కోర్సు ప్రారంభించినారు. మైసూరు విశ్వవిద్యాలయంవారు 1969లో ఆ దారి తొక్కినారు. దానినుండే 1996లో కర్ణాటక రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. మన తెలుగువారికి గర్వకారణమైన సంగతి ఒకటున్నది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో వెలసినదే. నేడు దానికి డాక్టరు అంబేద్కరు పేరు. బడి చదువు లేనివారు కూడా అర్హత పరీక్ష నెగ్గితే డిగ్రీలో చేరవచ్చునన్న ఏర్పాటు అక్కడ చేసినారు. దాని తొలి వైస్ ఛాన్సలరు జి. రాంరెడ్డిగారినే 1985లో పెట్టిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా మొదటి వైస్ ఛాన్సలరుగా పిలుచుకొన్నారు.

మన జిల్లావరకు వస్తే, 2017లో ఏర్పడిన బెంగుళూరు ఉత్తర విశ్వవిద్యాలయం కోలారు దగ్గర టమకలోనే ఉన్నది. ఎల్లకు ఆవల కుప్పంలో 1997లో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉన్నది. విశ్వవిద్యాలయమంటే దూరదేశపు మాట అనుకొనే రోజులు పోయినవి.

ఎవరికి ఏది అన్నది వారి వారి ఉద్యోగాన్ని బట్టి ఉంటుంది. గుమాస్తా పనిలో ఉన్నవారికి సార్వత్రిక విశ్వవిద్యాలయపు బి.ఏ., బి.కాం. చాలును, దానితోపాటు శాఖాపరీక్షలు ఉంటే వాటిని మరువకూడదు. మూడేండ్ల జి.ఎన్.ఎం. చదివిన నర్సమ్మలకు రెండేండ్ల పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగు ఉన్నది, కాని అది కాలేజీకి పోయి చదవవలసినదే. ఇంజనీరింగు డిప్లొమా ఉన్నవారు డిగ్రీలో రెండవ సంవత్సరంలో చేరవచ్చును. ఉద్యోగస్థులకు అనువైన వేళల్లో తరగతులు నడుపుకొనేందుకు అఖిల భారత సాంకేతిక విద్యామండలివారు 2023నుండి కాలేజీలకు అనుమతి ఇస్తున్నారు. పనిచేసే చోటు కాలేజీకి దగ్గరలో ఉండవలెనన్న షరతు దీనికి ఉన్నది గనుక, చేరేముందు కనుక్కోవలెను.

చేరకముందే అడుగవలసినవి

మొదట, ఆఫీసులో ప్రమోషను నిబంధనల పుస్తకం చూడండి. ఏ డిగ్రీ అడుగుతున్నారు? ఏ సబ్జెక్టులో? దూరవిద్య పట్టాను ఒప్పుకొంటారా? పట్టా వచ్చినా ఖాళీలు ఎన్ని? పైన సీనియర్లు ఎందరున్నారు? స్నేహితుల మాట నమ్మి చేరడం మంచిది కాదు. అచ్చులో ఉన్న నిబంధన చూచినదే నిజం.

రెండవది, పై అధికారుల అనుమతి. ప్రభుత్వోద్యోగులు చేరకముందే లిఖితపూర్వకంగా అనుమతి పుచ్చుకోవలెను. లేకపోతే పట్టా చేతికి వచ్చిన తరువాత సర్వీసు పుస్తకంలో ఎక్కించడానికి చిక్కులు వస్తవి. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1972 సెలవు నిబంధనల ప్రకారం, అయిదేండ్ల సర్వీసు నిండినవారికి, ఉద్యోగానికి సంబంధించిన చదువైతే, మొత్తం సర్వీసులో ఇరవైనాలుగు నెలలవరకు స్టడీ లీవు దొరకవచ్చును. అది హక్కు కాదు, అధికారి ఇష్టం. తిరిగివచ్చి కొంతకాలం పనిచేస్తామని బాండు కూడా రాసి ఇవ్వవలెను.

మూడవది అన్నిటికన్న ముఖ్యం, పట్టాకు గుర్తింపు. ఇంజనీరింగు, నర్సింగు, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటివి దూరవిద్యలో చదవడానికి యు.జి.సి. నిబంధనలు ఒప్పుకోవు. ఈ సంగతి తెలియక మోసపోయినవారు కొద్దిమంది కారు. 2017 నవంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా పోస్టు పాఠాలతో ఇచ్చిన ఇంజనీరింగు పట్టాలు చెల్లవని దాని సారాంశం. 2001 నుండి 2005 వరకు చేరినవారికి మళ్ళీ పరీక్ష రాసి నిలుపుకొనే అవకాశం ఇచ్చినారు. ఆ తరువాత చేరినవారి పట్టాలు రద్దయినవి. ఆ పట్టాలతో ప్రమోషను పొంది, పిల్లల చదువులకు, ఇంటి అప్పులకు లెక్కలు వేసికొన్న సంసారాల గతి ఏమైయుంటుందో పాఠకులే ఊహించుకోవచ్చును.

పేరున్న సంస్థలైనా సరే, చేరే సంవత్సరానికి గుర్తింపు ఉన్నదా అని చూడవలెను. కర్ణాటక సార్వత్రిక విశ్వవిద్యాలయానికే 2012-13 తరువాత కొన్నేండ్లు యు.జి.సి. గుర్తింపు లేకపోయి, 2018లో తిరిగి వచ్చింది. పనిచేస్తూ చదివే ఎందరో నమ్ముకొన్న ఏ.ఎం.ఐ.ఇ. పరీక్ష సంగతి కూడా అంతే. 2013 మే 31వ తేదీలోగా పేరు నమోదు చేసికొన్నవారికే దానిని ఇంజనీరింగు డిగ్రీతో సమానంగా పరిగణించే పాత ఉత్తరువు వర్తిస్తుంది. నిన్న చెల్లినది నేడు చెల్లుతుందని అనుకోరాదు. యు.జి.సి.వారు ఏయేటికాయేడు ప్రకటించే జాబితాను ఇంటర్నెట్టులో చూచి, ఆ సంవత్సరపు పేజీని అచ్చుతీసి దాచుకొన్నవారికి తరువాత చింత ఉండదు.

ఇల్లాలి లెక్క

ఇక ఇంటికి వద్దాము. ఒక సంసారాన్ని ఊహించుకోండి. చదువుకు ఫీజులు, పుస్తకాలు, పరీక్షలకు పోయివచ్చే ఖర్చు, ఓవర్‌టైము మానుకొన్నందున పోయిన కూలి, అంతా కలిపి అరవైవేల రూపాయలు అయినదనుకొందాము. ప్రమోషను వచ్చి నెలకు రెండువేలు పెరిగితే ముప్పై నెలల్లో పెట్టిన డబ్బు తిరిగివస్తుంది. చదువు ముగిసిన తరువాత ఉద్యోగం ఇంకా పదునైదేండ్లు ఉంటే లాభం మూడు లక్షలు. మూడేండ్లే ఉంటే మిగిలేది పన్నెండువేలు మాత్రమే. నలుబదియైదుకు పైబడినవారు ఈ లెక్క వేసికొన్న తరువాతనే ఫారం తీసికోవడం మంచిది.

డబ్బు కన్న కాలం లెక్క కష్టమైనది. బెంగుళూరుకు రైలులో పోయివచ్చేవారికి పోను రెండు గంటలకు పైన, రాను రెండు గంటలకు పైన. రైలులో చదువుకోవచ్చును గదా అని చెప్పడం సులభం. నిలుచుండడానికే చోటు లేని పెట్టెలో పుస్తకం ఎక్కడ తెరుస్తారు? పోయేటప్పుడు చిన్న కాగితాలమీద రాసికొన్న ముఖ్యాంశాలు నెమరువేసికోవడం, వచ్చేటప్పుడు కన్నుమూసి విశ్రాంతి తీసికోవడం అనుకూలం. ఇంటివద్ద రోజుకు ఒక్క గంట, ఆదివారం నాలుగు గంటలు. ఇంతకు మించి వ్రాసిపెట్టుకొన్న టైముటేబిలు రెండు వారాలలో గోడమీదనే మిగిలిపోతుంది.

ఆ ఒక్క గంట ఎక్కడినుండి వస్తుంది? ఇంకొకరి గంటనుండి. భర్త చదువుకొంటే సంతకు పోవడం, పిల్లల హోంవర్కు, అత్తగారి మందులు అన్నీ భార్యమీద పడతవి. భార్య చదువుకొంటే మాత్రం వంట మాని చదువుమనేవారు అరుదు; వంట ముగించి, అంట్లు తోమి, అందరూ పడుకొన్న తరువాత చదువుకొమ్మంటారు. ఇది న్యాయం కాదు. భర్తకు మూడేండ్లు సంసారం ఊపిరి ఇచ్చినట్లే భార్యకూ మూడేండ్లు ఇవ్వవలెను. ఎవరి వంతు ముందు అన్నది, ఎవరి చదువు వలన ఇంటికి ఎక్కువ నిలకడ వస్తుందో చూచి, ఇద్దరూ కూర్చుండి తేల్చుకోవలసినది.

మన ప్రాంతపువారికి ఇంకొక చిక్కు ఉన్నది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, వీధిలో తమిళం, పై చదువులో ఇంగ్లీషు. పదునైదేండ్ల తరువాత ఇంగ్లీషు పుస్తకం తెరిచేసరికి మొదటి పేజీ దగ్గరనే గుండె జారుతుంది. ఇది బుద్ధి తక్కువై కాదు. అలవాటు తప్పడం వలన. మొదటి ఆరు నెలలు పాఠంకన్న భాషకే ఎక్కువ కాలం పోతుందని ముందే ఒప్పుకొంటే నిరాశ ఉండదు. కన్నడంలో పరీక్ష రాసే వీలున్నచోట మొహమాటపడకుండా ఆ వీలు ఉపయోగించుకోవలెను. నాలుగు భాషలతో సంసారం నడిపే మనిషికి నాలుగు పరీక్షలు ఒక లెక్కా?

ఒక్కసారి తప్పితే సిగ్గుపడనక్కరలేదు. ఇరవై యేండ్ల పిల్లవాడు తప్పితే తండ్రి కోప్పడతాడు. నలుబదేండ్ల తండ్రి తప్పితే కోప్పడేవారు లేరు. తనకు తానే చిన్నబోతాడు. అప్పుడు ఇంట్లోవారు నోరుజారి ఒక్కమాట అనకుండా ఉంటే చాలు, మరుసటి పరీక్షకు ఆయనే పోతాడు. పిల్లలకు కూడా ఇది మేలు. చదువుకోరా అని చెప్పే తండ్రికన్న, పక్కన కూర్చుండి చదివే తండ్రిని చూచి పిల్లలు ఎక్కువ నేర్చుకొంటారు.

సంఘాలు చేయదగిన పని

ఊరూరా మన తెలుగు సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి కూడుతున్నవి, సంతోషం. వాటికి తోడు, ఆదివారంనాడు ఒక గది, రెండు బల్లలు, నాలుగు దీపాలు చదువుకొనే ఉద్యోగస్థులకు విడిచిపెడితే ఖర్చు స్వల్పం. పరీక్ష నెగ్గినవారు తమ పుస్తకాలను పాతపుస్తకాల అంగడికి వేయక ఆ గదిలోని బీరువాకు ఇవ్వవచ్చును. గనిలో మేనేజరు సర్టిఫికెట్టు పుచ్చుకొన్న పెద్దలు, పదవి విరమించిన లెక్చరర్లు, హెడ్మాస్టర్లు మనలో ఉన్నారు. వారానికొక గంట లెక్కలో, ఇంగ్లీషులో చెప్పడానికి అడిగితే కాదనరు. ఏ కోర్సుకు ఈ ఏడు గుర్తింపు ఉన్నది, ఏ ఫారానికి ఆఖరు తేదీ ఎప్పుడు అన్నది ఒక నల్లబల్లమీద వ్రాసిపెట్టినా చాలు, కొన్ని సంసారాల డబ్బు నిలుస్తుంది.

గనిలో బంగారం తరిగిపోయినది గాని, ఈ నేలమీది మనుషుల్లో పట్టుదల తరగలేదు. ఈ ఏడు చేరదలచినవారు ముందుగా ప్రమోషను నిబంధన చదవండి, పట్టాకు గుర్తింపు చూచుకోండి, ఇంట్లో ఇద్దరూ కూర్చుండి లెక్క వేసికోండి. లెక్క కుదిరితే ఆలస్యం చేయకండి. పక్కింటివారి నవ్వు మొదటి పరీక్షా ఫలితం వచ్చేవరకే.